మూత తీస్తే ఏమీ కాకూడదు

మా లాబ్ గోడ మీద ఒక బోర్డు ఉండేది. కుళ్ళిన చేపల వాసన గానీ వెల్లుల్లి వాసన గానీ వస్తే అందరూ వెంటనే బయటికి వెళ్ళిపోవాలని దాని మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉండేది. ఆ మాట మొదట రాసిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఆయన కొల్లేరు చూడలేదని మాత్రం ఒట్టేసి చెప్పగలను. చేపల వాసన వచ్చినప్పుడల్లా బయటికి వెళ్ళిపోతే తాడేపల్లిగూడెంలో ఇళ్ళకి తాళాలే మిగులుతాయి.

మా కాలేజీ ప్రహరీ అవతల ఒక టీ కొట్టు ఉంది. చెరువుల మీద నుంచి చేపలు వేసుకొచ్చే లారీలు అక్కడ ఆగుతాయి. డ్రైవర్లు టీ తాగి, ఫోన్లు మాట్లాడి, రాజకీయాలు తేల్చేలోగా ఐసు కరిగి నీళ్ళు కారతాయి. ఆ గాలి తిన్నగా మా కిటికీలోకి వస్తుంది. ఇక వెల్లుల్లి సంగతి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే వెల్లుల్లి లేని గిన్నె మా ప్రొఫెసర్ గారిది ఒక్కటే.

నేను ఏలూరు నుంచి రోజూ రైల్లో గూడెం వచ్చి పోతూ ఆ లాబ్‌లో పనిచేస్తాను. పీహెచ్‌డీ అయ్యాక కూడా పరిశోధన చేస్తూ ఉంటే దాన్ని పోస్ట్‌డాక్ అంటారు. మా చుట్టాలు దాన్ని ‘ఇంకా ఉద్యోగం రాలేదు’ అంటారు. మా పుట్టిల్లు కలిదిండి దగ్గర. నాన్నకి చేపల చెరువులున్నాయి. కాబట్టి చేపల వాసన గురించి మాట్లాడే అర్హత నాకు డిగ్రీల కంటే ముందే వచ్చింది.

మా పని గురించి రెండు ముక్కల్లో చెబుతాను. ఫాస్ఫరస్, ఆర్సెనిక్, యాంటిమొనీ అని మూడు మూలకాలున్నాయి. పీరియాడిక్ టేబుల్‌లో ఒకే నిలువు వరుసలో, అన్నదమ్ముల్లా ఒకరి కింద ఒకరు ఉంటారు. పెద్దవాడు ఎరువుల బస్తాల్లోనూ మన ఎముకల్లోనూ ఉంటాడు కాబట్టి మంచివాడని పేరు పడ్డాడు. రెండోవాడి పేరు వింటేనే పోలీసు స్టేషన్ గుర్తొస్తుంది. మూడోవాణ్ణి పూర్వం కళ్ళకి అంజనంగా పెట్టుకునేవారు. ఈ ముగ్గురిలో ఎవరినైనా ఒక లోహంతో సరిగ్గా కలిపితే కంటికి ఆనని చిన్న చిన్న స్ఫటికాలు తయారవుతాయి. టీవీ తెరల్లో రంగులు వెలిగించడానికి అలాంటివి పనికొస్తాయి.

అయితే ఈ పెద్దమనుషులు పిలవగానే రారు. వాళ్ళని మోసుకొచ్చి దింపే రసాయనం ఒకటి కావాలి. దాన్నే రియాజెంట్ అంటాం. అందరూ వాడేదే మేమూ వాడేవాళ్ళం. చూడ్డానికి మంచినీళ్ళలా ఉంటుంది. గాలి తగిలితే భగ్గుమంటుంది. తడి తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. బోర్డు మీద రాసిన వాసన దానిదే. గాలీ తడీ లేని చోటు కొల్లేరు చుట్టుపక్కల ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే లాబ్ అక్కడే కట్టుకునేవాళ్ళం. లేదు కాబట్టి, గాలి తీసేసి నైట్రోజన్ నింపిన గాజు పెట్టె ఒకటి పెట్టుకుని, దానికున్న రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి లోపల పని చేసేవాళ్ళం. మా ప్రొఫెసర్ గారు ఆ పెట్టెకి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ కట్టించారు. ప్రతి అమావాస్యకీ మార్పించేవారు. రబ్బరు తొడుగులు మార్పించడం మాత్రం ఆయనకి గుర్తుండేది కాదు.

ప్రొఫెసర్ గారిది తణుకు. ఉల్లిపాయ కూడా ముట్టరు. గూడెం వచ్చిన కొత్తలో ఆయన ఆ బోర్డుని నిజంగా నమ్మారు. కిటికీలోంచి చేపల వాసన రాగానే అందర్నీ మెట్ల మీదుగా కిందికి పరిగెత్తించారు. మేం ఎండలో నిలబడ్డాం. గోడ అవతల లారీ హారన్ కొట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ కొన్నాళ్ళకి అదే జరిగింది. ఆ తర్వాత మరోసారి జరిగేసరికి పక్క డిపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా కిటికీల్లో నిలబడి చూడడం మొదలుపెట్టారు. ‘ఏవండీ, ఇవాళ బొచ్చెలా, శీలావతులా?’ అని ఫిజిక్స్ ఆయన పైనుంచి అడిగాడు.

ప్రొఫెసర్ గారికి ఒళ్ళు మండిపోయింది. మరునాడు మీటింగ్ పెట్టి, ‘ఇక నుంచి నేను చెబితేనే బయటికెళ్ళాలి. నేను చెప్పేదాకా అది లారీయే’ అని తీర్మానించారు. ప్రపంచంలో ఒక వాయువు ఏమిటో మీటింగ్ పెట్టి తేల్చిన లాబ్ బహుశా మాదొక్కటే.

నాతోపాటు అక్కడ పెంటపాడు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె పీహెచ్‌డీ చేసేది. వరి పండించే ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ దాటి చదివినది అదొక్కతే. మాట నెమ్మది, చెయ్యి చురుకు. నన్ను అక్కా అనేది. సిద్ధాంత గ్రంథం సగానికి వచ్చింది. ఇంకో సగం ఆ గాజు పెట్టె ముందు కూర్చుని తేల్చాల్సిందే.

వానాకాలం ఒక రోజున అది పెట్టె ఉన్న లోపలి గదిలో పనిచేస్తోంది. జలుబు చేసి ముక్కు దిబ్బడేసుకుపోయి ఉంది. మేమంతా బయటి గదిలో ఉన్నాం. వాసన వచ్చింది. ఎవరో నా వైపు చూసి నవ్వారు.

‘ఏంటి మేడం, కలిదిండి నుంచి ఎండుచేపలు దిగినాయా?’

‘దిగితే నీకు పెట్టకుండా తింటానా?’ అన్నాను.

ప్రొఫెసర్ గారు గంభీరంగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. లారీ ఉంది. నిజంగానే ఉంది. డ్రైవరు టైరు తన్ని చూసుకుంటున్నాడు. అదే మా కొంప ముంచింది. ‘లారీయేనండి, పని చూసుకోండి’ అన్నారాయన. అందరం పని చూసుకున్నాం. వాసన తెలిసినవాళ్ళం అందరం ఇవతల నిక్షేపంలా కూర్చున్నాం. వాసన తెలియని ఒక్కతీ అవతల గదిలో దాన్ని గుండెల నిండా పీలుస్తోంది.

స్టూలు పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే పిల్ల నేల మీద ఉంది. రబ్బరు తొడుగు వేళ్ళ సందున చిరిగి, పెట్టెలోకి మన తడి గాలి వెళుతోంది, అక్కడ పుట్టిన ఫాస్ఫీన్ బయటికి వస్తోంది. అప్పుడు చూడాలి మా పరుగు. ఇద్దరం రెక్కలు పట్టుకుని దాన్ని మెట్లు దింపాం. ఆ పూట ఫిజిక్స్ ఆయన ఏమీ అడగలేదు. తన కారు తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు.

ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కొన్నాళ్ళు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, తర్వాత అదీ తగ్గింది. కాలేజీ సేఫ్టీ కమిటీ వచ్చింది. లాబంతా తిరిగి, టీ తాగి, లోతుగా ఆలోచించి, పాత బోర్డు తీసేసి దాని స్థానంలో ఇంకా పెద్ద బోర్డు పెట్టింది. వాళ్ళ పని అయిపోయింది.

పెంటపాడులో మాత్రం పని అవ్వలేదు. ఆ ఇంటికి పెద్ద దిక్కు ఆ పిల్ల మామ్మ. కొడుకూ కోడలూ ఆవిడ మాట జవదాటరు. నేనూ ప్రొఫెసర్ గారూ పళ్ళు తీసుకుని పరామర్శకి వెళ్ళాం. పిల్లని మళ్ళీ పంపమని ప్రొఫెసర్ గారు మెల్లగా కదిపారు. పిల్ల తలుపు వెనకాల నిలబడి వింటోంది. చదువు మానేస్తే అది బతికేస్తుంది గానీ సగం మనిషిగా బతుకుతుందని నాకు తెలుసు. మామ్మగారు పళ్ళ సంచీ వైపు కూడా చూడలేదు.

‘పంపమంటే పంపుతామండి. మాకేవన్నా కక్షా? ఆ సీసా మూత నా ఎదురుగుండా తియ్యండి. అద్దాల పెట్టిలో కాదండోయ్, ఇలాగ బల్ల మీద. నేను పక్కనే కూచుంటాను. ఏవీ అవ్వకపోతే మర్నాడే పంపుతాను.’

ప్రొఫెసర్ గారు నవ్వబోయి మానుకున్నారు. ‘అదలా కుదరదండి. మూత తీస్తే మండిపోద్దది.’

‘అయితే మండనిది చేసుకుని కబురెట్టండి’ అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ప్రొఫెసర్ గారు ఆవిడ మూర్ఖత్వం గురించి మాట్లాడారు. నేను మాత్రం, సేఫ్టీ కమిటీలో ఒక్కడికీ తట్టని ప్రశ్న ఆవిడ అడిగిందని అనుకున్నాను. మండేదాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం ఎలాగా అని మేమంతా బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నాం. మండనిది చేసుకోవచ్చుగా?

చేసుకోవచ్చు. అంటే, నోటితో అనొచ్చు. ద్రవం బదులు పొడిగా ఉండే రియాజెంట్ల గురించి బయటి దేశాల వాళ్ళు రాసిన పేపర్లు ఉన్నాయి. ‘గాలిలో స్థిరంగా ఉంటుంది’ అని వాటిలో ధీమాగా రాసి ఉంటుంది. ఏ గాలి? వాళ్ళ గాలి. మన గాలిలో అప్పడం కూడా స్థిరంగా ఉండదు. మొదటి పొడి చేసి మూత తీసి పెట్టాను. క్యారేజీ తిని వచ్చేసరికి ముద్దయింది, సాయంత్రానికి బుడగలు తేలి కంపు కొట్టింది.

ఆదివారం కలిదిండి వెళితే నాన్న నా ముఖం చూసి సంగతేమిటని అడిగాడు. చెప్పాను.

‘బియ్యం డబ్బాలో గుచ్చెయ్యమ్మా. మొన్న నా ఫోను చెరువులో పడితే అలాగే కదా ఆరబెట్టాను’ అన్నాడు.

‘ఆ ఫోను పనిచేస్తోందా నాన్నా?’

‘లేదనుకో. ఆరింది మాత్రం ఆరింది.’

ఎక్కడా దిక్కుతోచక అదీ చేశాను. సీసాని బియ్యంలో గుచ్చాను. పొడి ముద్దయింది, బియ్యం విషపు చెత్త కింద జమయింది. అన్నం పారేస్తున్నామని మా అటెండరు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇంకొకరు తాటాకులో చుట్టమన్నారు, ఇంకొకరు బూడిదలో పెట్టమన్నారు. ప్రొఫెసర్ గారు నిమ్మకాయల సంఖ్య పెంచారు.

దారి చూపించింది మళ్ళీ ఆ పిల్లే. లాబ్‌కి రానివ్వకపోయినా ఫోన్ లాక్కోలేదుగా. పెంటపాడులో డాబా మీద కూర్చుని పేపర్లు చదివి నాకు మెసేజ్‌లు పెట్టేది. ఒక రోజు రైల్లో ఉండగా కాల్ చేసింది.

‘అక్కా, ఫాస్ఫరస్ చుట్టూ అతుక్కున్న పరమాణువుల గుంపులు మరీ సన్నగా ఉన్నాయేమో. లావుపాటివి పెడితే నీళ్ళకి లోపలికి దూరడానికి సందుండదు కదా? మనకి కావాల్సినప్పుడు వేడి చేస్తే అవే విడిపోతాయి.’

‘నువ్వొచ్చి చెయ్యవే ఆ పని’ అన్నాను.

‘మీరు చేస్తేనే కదా అక్కా నేను రావడం’ అంది. లేడీస్ పెట్టెలో రద్దీగా ఉంది. ఆ మాటే ఆలోచిస్తూ పూళ్ళ స్టేషన్ దాకా నిలబడే వెళ్ళాను.

లావుపాటి గుంపుల కోసం నెలలు పట్టింది. కొన్ని అసలు అతుక్కోలేదు. కొన్ని అతుక్కున్నాక ఎంత వేడి చేసినా వదల్లేదు, పెళ్ళికొచ్చి తిరిగెళ్ళని చుట్టాల్లా. చివరికి ఒక లేత పసుపుపచ్చ పొడి దొరికింది. గాజు పళ్ళెంలో పోసి, ముసురు పట్టిన రోజున, లోపలి గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ గూట్లో పెట్టి తలుపు కాస్త తెరిచి ఉంచాను. మర్నాడు వచ్చి చూస్తే పొడి పొడిలాగే ఉంది. ఆ ప్రమాదం తర్వాత నేను పోరి కొనిపించిన, విషవాయువుని పసిగట్టే యంత్రం కిక్కురుమనలేదు. వేడి చేసి వాడితే ఫాస్ఫరస్‌ని ఎంచక్కా దింపింది. నేను ఆ ఆనందంలో ఇంటికెళ్ళే రైలు తప్పిపోయి, గూడెం స్టేషన్‌లో జామకాయలు తింటూ కూర్చున్నాను. నెలల తరబడి కష్టపడి ఒక సీసా మూత తీస్తే ఏమీ జరగకుండా చేశాను. ఇంత గొప్ప విజయాన్ని ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో తెలియలేదు.

ప్రొఫెసర్ గారికి అప్పుడు ఆశ పుట్టింది. అదే దారిలో తక్కిన ఇద్దరు తమ్ముళ్ళనీ పట్టుకురమ్మన్నారు. ఆర్సెనిక్ కూడా పొడిగా కుదిరింది. యాంటిమొనీ మొండికేసి వెలుతురు తగలగానే నల్లబడిపోయేది, ఇప్పటికీ దాంతో గొడవ పడుతూనే ఉన్నాను. ఈలోగా ఆయన సెమినార్లలో ‘పూర్తిగా సేఫ్ రియాజెంట్లు’ అని చెప్పడం మొదలుపెట్టారు. ‘పూర్తిగా కాదండి, పాతదాని కంటే నయం అంతే’ అని నేనంటే, ‘నయం అంటే నిధులు రావమ్మా’ అనేవారు. ఆ మాటకి నాకు బోలెడు కోపం వచ్చేది.

పెంటపాడు కబురెట్టాం. మామ్మగారు మనవరాలిని వెంటబెట్టుకుని ఆటోలో దిగింది. బయట వాన పడుతోంది. ప్రొఫెసర్ గారు ఆవిడ కోసం కుర్చీ వేయించి, ఫ్యాను తిప్పించి, మంత్రిగారొచ్చినంత హడావుడి చేశారు. ఆవిడ కుర్చీని బల్లకి దగ్గరగా లాక్కుని కూర్చుంది. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అప్పటికి అది లాబ్‌లో ఉండే మనిషో కాదో తేలలేదు కదా.

మామ్మగారికి మాస్కు ఇవ్వబోతే వద్దంది. నేనూ తగ్గలేదు. అది పెట్టుకుంటేనే మూత తీస్తానన్నాను. చివరికి ఆవిడే పెట్టుకుంది. ఫాస్ఫరస్ పొడి సీసా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశాను. ఏమీ కాలేదు. ఫ్యాను తిరిగింది, వాన పడింది. ఆవిడ వంగి సీసాలోకి చూసింది.

‘ఇంతేనా?’

‘ఇంతేనండి’ అన్నాను.

‘మా ఇంట్లో పసుపు డబ్బా దీని కంటే బాగుంటుందే.’

‘పూర్తిగా సేఫ్ అండి మామ్మగారూ’ అని ప్రొఫెసర్ గారు అందుకున్నారు. ‘మీ మనవరాలికి ఏవీ కాదు. నాదీ పూచీ.’

ఆవిడ ఆయన వైపు తిరగలేదు. నా వైపే చూస్తూ, ‘ఏవమ్మా, ఏవీ కాదా?’ అంది.

ఆయన నాకు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నారు. ‘కాదండి’ అనేస్తే చాలు, ఆ పిల్ల రేపు పొద్దున్న లాబ్‌లో ఉంటుంది. గుమ్మం దగ్గర దాని ముఖం చూశాను. ఆ ముఖం చూశాక అబద్ధం చెప్పడం తేలికవుతుందనుకున్నాను. అవలేదు.

‘అవుతుందండి’ అన్నాను. ‘ఇది మండదు, గాలిలో విషం వదలదు. అంతవరకే నేను చెప్పగలను. వేడి చేసినప్పుడు విడిపోతుంది, అది ఇప్పటికీ పెట్టెలోనే చెయ్యాలి. దీని పక్కనే ఆర్సెనిక్ పొడి ఉంది. అది పొడైనా విషమే. చేతికి అంటుకుని నోట్లోకెళితే ప్రాణం పోతుంది. జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు. ఏమరుపాటుగా ఉంటే అవుతుంది.’

ప్రొఫెసర్ గారు తల పట్టుకున్నారు. గుమ్మం దగ్గర పిల్ల తల దించుకుంది. దాని చదువుని నా నోటితో నేనే చెడగొట్టానని అనిపించింది.

‘మా ఇంటాయన చేలో పురుగుమందు కొట్టేవారు’ అంది మామ్మగారు. ‘మూతికి గుడ్డ కట్టుకోవాలా, చేతులకేవన్నా వేసుకోవాలా అని మందుల కొట్టాయన్ని నేనే అడిగేనమ్మా. నవ్వేడు. ఏవీ కాదన్నాడు. అందరూ అలాగే కొడతన్నారన్నాడు. గాలి ఎదురొచ్చిన రోజున మా ఆయన చేలోంచి నడిచి రాలేదు, మంచం మీద తెచ్చేరు. ఏవీ కాదన్న మనిషి అప్పుడు కూడా వచ్చేడు పరామర్శకి.’

ఆవిడ మాస్కు తీసి మడిచి బల్ల మీద పెట్టి లేచింది. గుమ్మం దాకా నడిచి, మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది.

‘అవుద్దని చెప్పిన మనిషిని ఇన్నాళ్ళకి చూసేను. వెళ్ళు, ఆవిడ దగ్గర నేర్చుకో. ఆ మేష్టారు ఏవీ కాదంటే మాత్రం వెంటనే బయటికొచ్చెయ్యి.’

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకునే ఓపిక లేదు. పిల్ల లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది. దాని చేతులు వణుకుతున్నాయి. ముందు వణుకు తగ్గనిమ్మని, ఆ తర్వాతే తొడుగులు వేసుకోమని చెప్పి, నేను సీసా మూత బిగించాను.